నలభై ఏడు గింజలు

నలభై ఏడు పెసర గింజలు చేతిలో పోసుకుంటే గుప్పెడు కావు. పిచ్చుకకు ఒక పూటకు చాలవు. వాటిని నేను పన్నెండేళ్ళుగా మోస్తున్నాను. పోర్టులో బస్తా మోసేవాడికి దించుకునేటప్పుడు ఇంకొకడు చెయ్యి వేస్తాడు. నా బరువుకు ఎవరూ చెయ్యి వేయలేదు. వేయమని నేను అడగలేదు. అడగాలంటే ముందు చెప్పాలి కదా.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మా పేటలో రోజూ నా ముఖం చూసేవాళ్ళెవరికీ ఇది చెప్పలేకపోయాను. కాగితానికైతే చెప్పగలనేమోనని కూర్చున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అందుకని నెమ్మదిగా రాస్తాను. ఇప్పటికి ఈ కాగితాలు నాలుగుసార్లు చింపి మళ్ళీ మొదలుపెట్టాను. చింపిన ప్రతిసారీ నా తప్పు కొంచెం చిన్నదిగా కనబడేలా రాశానని తెలిసింది. ఈసారి అలా చేయకూడదని అనుకుంటున్నాను. చేస్తే మీకు తెలిసిపోతుంది.

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున మా పేట. మావాళ్ళు వేటకు వెళ్తారు. మా ఆయన మాత్రం పోర్టులో కూలికి కుదిరాడు. ఒకరోజు పైనుంచి జారిన ఇనుప కడ్డీల కట్ట తుంటి మీద పడింది. ఆ తరవాత ఆయన గోడ పట్టుకుని నడవడమే. నేను కొన్నాళ్ళు చేపల గంప ఎత్తాను. తరవాత తెలిసినవాళ్ళు ఒక పని చూపించారు. విత్తనాల మీద పరిశోధన చేసే ల్యాబు. ఎక్కడిదో చెప్పను. నేల తుడవడం, గాజుసామాను కడగడం, గింజలు నానబెట్టడం. అయిదో తరగతి చదివినవాళ్ళే కావాలన్నారు. చదివినట్టు ఒక కాగితం ఎవరో పుట్టించి ఇచ్చారు. నేను బడి గుమ్మం తొక్కలేదు. ఆ కాగితంలో మాత్రం అయిదు పాసయ్యాను.

అది నా మొదటి అబద్ధం. ఆకలికి ఆడిన అబద్ధం గనక దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తరవాతి అబద్ధాలన్నీ దాని భుజాల మీదే ఎక్కి నిలబడ్డాయి.

ల్యాబులో ఒక మేడమ్ ఉండేది. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది. ఆవిడ పేరు రాయను. గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాళ్ళ అమ్మాయి. మాట చివర అండి లేకుండా మాట్లాడేది కాదు, ఎవరితోనైనా. మిగతావాళ్ళు నన్ను ఏయ్ అని పిలిచేవారు. ఆవిడ అక్కా అనేది. "అక్కా, ఆ సీసా ఇలా అందుకోండి" అనేది. నాకు నలభై ఏళ్ళు దగ్గర పడుతుండగా మొదటిసారి ఒక చదువుకున్న మనిషి నన్ను మీరు అంది.

ఆవిడ పని పెసలు. గింజ మొలకెత్తేటప్పుడు లోపలి మాంసకృత్తులు ఎలా మారతాయో చూడటం. నాకు అర్థమయ్యేలా ఒకసారి చెప్పింది. గింజలో తల్లి మొక్క పిల్ల కోసం చద్దిమూట కట్టి పెడుతుందట. నీళ్ళు తగలగానే లోపలి పిల్ల మేలుకుని ఆ మూట విప్పుకుని తింటుందట. తింటున్నకొద్దీ మూట తరుగుతుంది, కొత్తవేవో పుడతాయి. మేము రోజుకు కొన్ని గింజలు తీసి, మంచుగడ్డల మీద కల్వం పెట్టి నూరేవాళ్ళం. ఆ రసాన్ని ఒక పల్చటి జిగురు పలకలో పోసి కరెంటు పెట్టి, ఆ పలకను నీలం రంగులో ముంచి తీస్తే నీలం చారలు తేలేవి. మొదటి రోజు చారలు మందంగా ఉండేవి. మూడో రోజుకు పైచారలు పల్చబడి, కింద సన్నటి కొత్త చారలు వచ్చేవి. చచ్చిన గింజైతే మూడో రోజు కూడా ఆ మందపు చారలే. మూట ఉంది, విప్పేవాళ్ళు లేరు.

అక్కడ అప్పలరాజు అని పాత అటెండరు ఉండేవాడు. నన్ను వదినా అనేవాడు. మేము గింజలు లెక్కపెడుతుంటే గుమ్మంలో నిలబడి ఆటపట్టించేవాడు. "పెసలు మొలకెత్తించడానికి ఇంత సదువేటి వదినా. మా ఆడది పాత గుడ్డలో కట్టి సూరుకి ఏలాడదీత్తాది. తెల్లారేసరికి మొలకలే. దానికీ డాకటరు పట్టా ఇచ్చీమని సెప్పు మీ మేడమ్ గోరితో." మేడమ్ పడీపడీ నవ్వేది. "మీ ఆవిడ పాత పెసలు మొలిపిస్తారా అండీ? నాలుగేళ్ళు మూలబడ్డవి? అయితే తీసుకురండి, నేనే శిష్యురాలిగా చేరతాను."

అదీ అసలు సంగతి. పాత గింజలు. గోనెలో నాలుగేళ్ళు పడి ఉన్న విత్తనం సగం మొలవదు. రైతు తెలియక చల్లుకుని నష్టపోతాడు. అలాంటి గింజల్ని విత్తేముందు ఒక మందునీళ్ళలో కాసేపు నానబెట్టి మళ్ళీ ఆరబెడితే తిరిగి లేస్తాయేమోనని మేడమ్ ఆశ. అందుకని ప్రతిసారీ మూడు గాజుపళ్ళేలు పెట్టేది. ఒకదాంట్లో కొత్త గింజలు. ఒకదాంట్లో పాతవి. మూడోదాంట్లో మందునీళ్ళు తాగిన పాతవి. పళ్ళేనికి ఇరవై అయిదు. మూతల మీద ఏదో రాసేది. నేను ఆ రాత చదివినట్టు తల ఊపేదాన్ని. నాకు తెలిసింది చోటు మాత్రమే. కిటికీ పక్కది కొత్తది, మధ్యది పాతది, గోడ పక్కది మందుది. ఏ రోజూ పొరబడలేదు. చదువు రానివాళ్ళు పొరబడరు. పొరబడితే దొరికిపోతామని ఎప్పుడూ జాగ్రత్తగా ఉంటారు.

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు పిచ్చిపనిలా ఉంటుంది.

మావాళ్ళలో పెళ్ళికి ముందు మట్టి పిడతల్లో నవధాన్యాలు పోసి మొలకెత్తిస్తారు. ఎంత ఒత్తుగా లేస్తే ఆ జంట అంత పచ్చగా ఉంటుందని నమ్మకం. ఆ పిడతల్ని చూసుకునే పని మా అమ్మమ్మది. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. ఆ పేరు వెనక ఉన్న రహస్యం నాకు తొమ్మిదేళ్ళప్పుడు చెప్పింది. తెల్లవారకముందే లేచి, మొలవని గింజల్ని ఒక్కొక్కటే ఏరేసి, వాటి చోట తన కొంగులో విడిగా మొలకెత్తించిన గింజల్ని గుచ్చేది. "మొలవని గింజ పెళ్ళికూతురి కంట బడకూడదే. పడితే బతుకంతా దాన్నే తల్సుకుంటాది. ఏరేసి గంగమ్మకిచ్చీ. ఎన్నో లెక్కెట్టి సెప్పి మరీ ఇయ్యి. మనుసుల కాడ దాసినా తల్లి కాడ దాయకూడదు." అలలోకి విసిరి, "తల్లీ, ఈ ఆరూ నీకే" అని చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేసేవాళ్ళం. అమ్మమ్మ పోయాక పేటలో పిడతలు నా చేతికి వచ్చాయి. నా చెయ్యి కూడా మంచిదన్నారు.

వానాకాలం మొదట్లో మేడమ్ మందు పళ్ళేలు మొదటిసారి పెట్టింది. మూడో పొద్దున నేను ఏడింటికే తుడవడానికి వెళ్ళాను. మేడమ్ పదింటికి వచ్చి మొలకలు లెక్కపెట్టాలి. మూత తీసి చూశాను. గోడ పక్క పళ్ళెంలో సగానికి సగం గింజలు అలాగే బిర్రబిగుసుకుని పడి ఉన్నాయి. ముందురోజు ఆవిడ ముఖం గుర్తొచ్చింది. ఆ పళ్ళెం మూత మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది, చదువుకున్నదైనా. కొత్త గింజలు కొన్ని అదనంగా నానబెట్టిన గిన్నె పక్కనే ఉంది. నా చెయ్యి దానంతటదే పోయింది. నాలుగు తీశాను. నాలుగు పెట్టాను. మొలకొచ్చి పొట్టు వదిలాక కొత్త పెసరేదో పాత పెసరేదో దాన్ని పుట్టించినవాడికి కూడా తెలియదు.

తీసిన నాలుగూ కొంగున కట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్తూ సముద్రంలో వేశాను. తల్లీ, ఈ నాలుగూ నీకే.

మేడమ్ లెక్కపెట్టింది. మందు పళ్ళెంలో మామూలు పాతవాటికంటే నాలుగు ఎక్కువ. రెండుసార్లు లెక్కపెట్టింది. నా వైపు తిరిగి, "అక్కా, మీ చేత్తో నీళ్ళు పోస్తే చచ్చినవి కూడా లేస్తాయండీ" అంది.

ఆ మాట. ఆ ఒక్క మాట. ఇన్నేళ్ళూ నేను నాకు చెప్పుకున్నది ఏమిటంటే, ఆవిడ మీద ప్రేమతో చేశానని, ఆచారం చేయించిందని, నాకేం తెలుసని. మొదటిసారికి అది నిజమే కావచ్చు. కానీ వారం తరవాత ఆవిడ మళ్ళీ పళ్ళేలు పెట్టినప్పుడు, నేను ఎవరూ చూడకుండా కొత్త గింజలు ఇరవై తీసి ఒక కప్పులో విడిగా నానబెట్టి కిటికీ చెక్క వెనక పెట్టాను. అది చెయ్యి దానంతటదే పోవడం కాదు. అది ముందే అనుకుని చేసిన పని. ఎవరి కోసం? ఆవిడ నవ్వు కోసమా? ఆ నవ్వు నా చేతిని మెచ్చుకోవడం కోసమా? చేపల కంపు కొడుతోందని బస్సులో జనం ముఖం తిప్పుకున్న చెయ్యి ఇది. ఆ చేతిని ఒక చదువుకున్న మనిషి పొగిడింది. ఇంకోసారి పొగడాలని నాకు అనిపించింది. అదీ నిజం. ఇంతకు ముందు చింపేసిన కాగితాల్లో ఈ ముక్క రాయలేదు.

అయిదుసార్లు చేశాను. మధ్య పళ్ళెం ముట్టుకోలేదు. అందులో ఆవిడకు ఆశ లేదు గనక. గోడ పక్కదే మార్చాను.

నీలం చారలు కూడా ఆవిడ కోరుకున్నట్టే వచ్చాయి. రాక ఏం చేస్తాయి? మూడో పొద్దున లెక్క బాగుంది గనక నాలుగో రోజుకు ఆగకుండా అప్పుడే నూరేశాం. నూరింది కొత్త గింజల్ని. మందు తాగిన పాత గింజలో మూట విప్పుకుంటోందని, చూడండి అక్కా పైచారలు పల్చబడ్డాయని, పలకను వెలుతురుకు పట్టి చూపించింది. నేను చూశాను. అందంగా ఉన్నాయి.

ఆవిడ పైన పెద్దాయన ఒకరు ఉండేవారు. పరిశోధన చేయించే ప్రొఫెసరు. ఆయన ముందు సంతోషించారు. తరవాత ఇంకో ఊరి విత్తనాల కేంద్రంవాళ్ళు అదే మందుతో చేసి చూసి, మాకు ఇలా రాలేదని ఉత్తరం రాశారు. ఆయనకు తల తీసేసినట్టయింది. తన ఎదుటే మళ్ళీ చేయమన్నారు. తన గదిలో పళ్ళేలు పెట్టించి, తాళం వేసుకుని, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ఆ మూడు రోజులూ నేను ఆ గది బయట నేల తుడిచాను. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. లోపల ఏముందో నాకు తెలుసు. చెప్పడానికి మూడు రోజులు ఉంది. తాళం తీయకముందే చెప్పి ఉంటే? ఇప్పటికీ ఇంట్లో నేల తుడుస్తూ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతాను.

మూడో పొద్దున తాళం తీశారు. మందు పళ్ళెంలో పదమూడు లేవలేదు. ఆయన కాగితం మీద రాసుకుని అందరినీ పిలిచారు. మేడమ్ పళ్ళేనికి మళ్ళీ మూత పెట్టింది. నాలుగో రోజు మళ్ళీ చూస్తానంది. చూసి పరిగెత్తుకుంటూ ఆయన దగ్గరకు వెళ్ళింది. ఆ పదమూడులో ఆరు లేచాయి. ఆలస్యంగా. మధ్య పళ్ళెంలో కొత్తగా ఒక్కటీ లేవలేదు. చావలేదండి సార్, లేటుగా లేస్తున్నాయండి అని ఆవిడ చెబుతుంటే వరండాలో వినబడింది. మరి మీ పుస్తకంలో అయిదుసార్లూ మూడో పొద్దుటికే లేచినట్టు రాశారేం అని ఆయన అడిగారు. జవాబు బయట చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"గింజలు అబద్ధం చెప్పవమ్మా. మనుషులు చెబుతారు." ఆయన గట్టిగా కూడా అనలేదు.

ఆ మధ్యాహ్నం మెట్ల దగ్గర మేడమ్ నన్ను ఆపింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అక్కా, ఒక్క మాట అడుగుతానండి. పళ్ళేల్లో గింజలు మీరేమైనా తీశారా?"

"నానా? నానెందుకు తీత్తానమ్మా."

"పొరపాటున ఒలికితే మళ్ళీ పెట్టి ఉంటారేమోనని."

"లేదమ్మా. తవరు సెప్పినట్టే నీళ్ళేసి మూతెట్టినాను. నాకేటి తెల్దు."

"నా మీద ఒట్టు వేయమనను. ఊరికే అడిగానండి."

"నాకేటి తెల్దమ్మా."

రెండుసార్లు అన్నాను. ఒకసారి సరిపోయేది. ఆ నెలలోనే నన్ను పర్మనెంటు చేసే కాగితం కదులుతోంది. గింజల సంగతి బయటపడితే నా సంగతి బయటపడుతుంది, మూతల మీది రాత చదవలేనని తెలుస్తుంది, అయిదో తరగతి కాగితం బయటికి తీస్తారు, ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి ఏమవుతాడు. ఇవన్నీ ఆ నాలుగు మెట్ల మీద ఒక్క రెప్పపాటులో అనుకున్నాను. ఇవన్నీ నిజమైన భయాలే. అయినా వాటిని తిరిగి రాస్తుంటే ఒకటి గమనించాను. ఆ రెప్పపాటులో ఆవిడ ఏమవుతుందో ఒక్కసారి కూడా అనుకోలేదు.

అది శనివారం. సాయంత్రం నేను సంచి తీసుకుని బయల్దేరుతుంటే మేడమ్ వచ్చింది. వరండాలో ప్రొఫెసరుగారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆవిడ మడిచిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, "ఇంటికెళ్ళి చదువుకోండి" అని చిన్నగా అని వెళ్ళిపోయింది.

ఆవిడకు నేను చదవగలను. ఆవిడకు నేను అయిదు పాసయ్యాను.

ఇంటికి వచ్చి కాగితం విప్పి చూశాను. చీమల బారు. పేటలో చదవగలిగిన పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. ఎవరికి ఇచ్చినా నిమిషంలో చదివేవాళ్ళు. ఇవ్వలేదు. అందులో ఏముందో నాకు తెలుసనుకున్నాను. నువ్వే చేశావని ఉంటుంది, నీ సంగతి చెబుతానని ఉంటుంది. అది పైకి చదివించుకుంటే రేపటికి పేటంతా తెలుస్తుంది. బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

సోమవారం మేడమ్ వచ్చింది. పని ఏమీ లేదు ఆవిడకు. మెట్ల పక్క కిటికీ దగ్గర నిలబడింది. నేను అటు వెళ్ళిన ప్రతిసారీ నా వైపు చూసింది. నేను బకెట్ వైపు చూసుకుంటూ దాటిపోయాను. మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళలేదు. అప్పలరాజు టీ తెచ్చి ఇస్తే గ్లాసు చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుంది. అయిదున్నరకు ల్యాబు మూసేవేళ, "వెళ్తానక్కా" అంది. నేను తల ఊపాను. మూతల మీది రాత చూసి ఊపినట్టే.

మళ్ళీ రాలేదు. పరిశోధన మానేసిందన్నారు. దొంగలెక్కలు రాసిందని అక్కడ అందరూ అనుకున్నారు. నేను పర్మనెంటయ్యాను. ఆవిడ వేసుకునే తెల్లకోటు మేకుకు చాలాకాలం వేలాడింది. దుమ్ము దులిపేదాన్ని.

ఆరేడేళ్ళకు మా పేటలో సాయంత్రాలు ఆడవాళ్ళకు బడి పెట్టారు. అందరికంటే ముందు నేనే వెళ్ళి కూర్చున్నాను. ఈ వయసులో ఎందుకే అని నవ్వారు. బస్సుల మీద ఊరి పేరు చదువుకోవాలని చెప్పాను. అదీ అబద్ధమే. నాకు చదవాల్సింది ఒక్క కాగితం. దాన్ని ఎవరికీ చూపకుండా చదవాలంటే నేనే చదవాలి. రోజూ ఆ కాగితంలోంచి ఒక అక్షరం బొమ్మలా మనసులో పెట్టుకుని వెళ్ళి, పలక మీద గీసి, ఇదేమిటమ్మా అని పంతులమ్మను అడిగేదాన్ని. వరసలో చెప్పినవి కాకుండా ఎక్కడెక్కడివో అడుగుతోందని ఆవిడ విసుక్కునేది. ఒత్తులు నన్ను ఏడిపించాయి. మేడమ్ గొలుసుకట్టు రాత మరీ ఏడిపించింది. మొదట నాకు చిక్కిన మాట గింజలు. ఆ రోజు కాగితం మళ్ళీ మడిచేశాను. మిగతాది కూడబలుక్కోవడానికి మరో అయిదు నెలలు పట్టింది.

ఇప్పుడు అది నాకు కంఠతా వచ్చు.

"అక్కా, మీ మీద నాకు కోపం లేదండి. ఆ పళ్ళేల్లో మీరు గింజలు మార్చి ఉంటే, ఎన్ని మార్చారో ఒక్క లెక్క చెప్పండి. మీ పేరు ఎక్కడా రానివ్వను. పాత గింజలు చావలేదని, ఆలస్యంగా లేస్తాయని నా నమ్మకం. ఆ లెక్క దొరికితే నా పని నిలబడుతుంది. సార్‌తో నేనే మాట్లాడుకుంటాను. సోమవారం సాయంత్రం దాకా మెట్ల దగ్గర ఉంటాను. మీరు చెప్పకపోతే మీకు తెలియదనే అనుకుంటాను. తప్పు నాదే అనుకుని వెళ్ళిపోతాను."

ఆ సోమవారం ఆవిడ నా వైపు చూసిన చూపులన్నీ కాగితం చదివిన రోజు, ఆరేడేళ్ళ తరవాత, ఒక్కసారిగా వచ్చి నా మీద పడ్డాయి. ఆవిడ నన్ను పట్టుకోవడానికి చూడలేదు. అడుక్కోవడానికి చూసింది. ఒక లెక్క. లెక్క నా దగ్గర ఉంది. గంగమ్మకు చెప్పాను. అయిదుసార్లు అంకె తప్పకుండా, మనుషుల దగ్గర దాచినా తల్లి దగ్గర దాచకూడదని, చెప్పాను. మనిషి వచ్చి రోజంతా ఎదురుగా నిలబడి అడిగితే చెప్పలేదు.

అప్పలరాజు అప్పటికి రిటైరయ్యాడు. వాళ్ళింటికి వెళ్ళి మేడమ్ సంగతి అడిగాను. మధురవాడలో ఏదో స్కూల్లో పాఠాలు చెబుతోందని ఎప్పుడో విన్నానన్నాడు. "ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకు వదినా ఆవిడ?" అన్నాడు. చూడాలనిపించిందన్నాను. ఆదివారం కాకుండా ఒక మామూలు రోజు చూసుకుని, సెలవు పెట్టి, చెప్పాల్సిన మాటలు దారిపొడవునా బస్సులో కూడబలుక్కుంటూ వెళ్ళాను. స్కూలు లేదు. దాని చోట అపార్టుమెంటు లేస్తోంది. సిమెంటు కలుపుతున్నవాళ్ళను అడిగితే ఏ మేడమ్ అన్నారు. అక్కడి స్కూళ్ళు ఒక్కొక్కటే తిరిగాను, మూడుసార్లు వెళ్ళి. ఆవిడ పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మారిందో, ఊరే మారిందో. ఎవరికీ తెలియదు. ప్రొఫెసరుగారు కాలం చేశారు. మేము వాడిన పలకలు, పుస్తకాలు ఎప్పుడో గది ఖాళీ చేసినప్పుడు పోయాయి. పారేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. చెత్త కిందికి దించడం నా పనే.

అమ్మమ్మ ఏరేసిన గింజల వల్ల ఎవరి కాపురమూ చెడలేదు. పెళ్ళికూతురు పచ్చటి పిడతలు చూసి నవ్వుకుని వెళ్ళిపోయేది. అక్కడ గింజ ఒక ముచ్చట. ఇక్కడ గింజ సాక్షి. ఆ తేడా నాకు తెలియదని చెప్పుకోవాలని ఉంది. తెలియకపోవడం మొదటి పళ్ళెం దాకా. మేడమ్ చచ్చిన గింజను కూడా తిట్టకుండా కల్వంలో వేసుకుని నూరేది, దాని చారలు కూడా శ్రద్ధగా చూసేది. రోజూ పక్కన ఉండి చూశాను. మొలవని గింజ కూడా ఆవిడకు కావలసిందేనని నాకు తెలుసు. తెలిసే ఏరేశాను.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. తాళం వేసిన గదిలో ఆలస్యంగా ఆరు లేచాయి. అంటే మందు పనిచేసింది. ఆవిడ అనుకున్నది నిజమైంది. నేను తాకకుండా ఉంటే అయిదు పళ్ళేల్లోనూ ఆ నిజం దానంతటదే లేచేది, ఒక్క రోజు ఆలస్యంగా. నేను ఆ ఒక్క రోజు ఆగలేదు. ఆవిడ ముఖం ఒక్క పూట చిన్నబోతుందని ఆగలేదు. లేక నన్ను మెచ్చుకోవడం ఒక్క రోజు ఆలస్యమవుతుందనా? ఏదో ఒకటి. రెండూ కావచ్చు.

క్షమించమని ఎవరిని అడగను? మిమ్మల్ని అడగను. మీకు నేను చేసిందేమీ లేదు. గంగమ్మను అడగను. ఆవిడకు అంతా తెలుసు, తెలిసి ఊరుకుంది. నాకు క్షమాపణ అక్కర్లేదేమో కూడా. మేడమ్ అడిగింది అది కాదు. ఆవిడ అడిగింది లెక్క.

మేడమ్ గారూ, ఇది ఎక్కడైనా మీ కంటబడుతుందో లేదో. లెక్క ఇది. మొదటిసారి నాలుగు తీశాను. రెండోసారి తొమ్మిది. మూడోసారి పదకొండు. నాలుగోసారి పదకొండు. చివరిసారి పన్నెండు. మొత్తం నలభై ఏడు. అన్నీ గోడ పక్క పళ్ళెంలోవే. అన్నీ మూడో పొద్దున, ఏడింటికీ పదింటికీ మధ్య తీసినవే. అవి చచ్చిన గింజలో, ఇంకా లేవని గింజలో నాకు తెలియదు. వాటిని మీరు చూడలేదు. నేనూ చూడలేదు. సముద్రంలో వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.